రాజం బోరింగు కాడ మూడు దెబ్బలు

రెండు వేల ఇరవై నాలుగు, జూలై పద్దెనిమిది, గురువారం. రాత్రి ఎనిమిదింబావు. గోదావరిఖనిల ఆ రోజు పొద్దుగూకకముందే వాన పట్టింది. కరెంటు పోయింది. మా గల్లీల ఒక్క దీపం లేదు.

ఆ గంటకు ఏమైందో చెప్పాలంటే, ముందు ఆ మూల సంగతి చెప్పాలె.

మా గల్లీ చివర, సారవ్వత్త ఇంటి వెనుక, ఒక పాత బోరింగు ఉన్నది. పిడి ఎప్పుడో ఊడిపోయింది. తుప్పు పట్టిన మొండెం మిగిలింది. ఆ జాగను అందరు రాజం బోరింగు అంటరు. రాజం కాక సారవ్వత్త పెనిమిటి. బాయిల పంపు నడిపేటోడు. మా దిక్కు బొగ్గుగనిని బాయి అనే అంటం. నలుగురికి నీళ్లు కావాలని దగ్గరుండి ఆ బోరింగు ఏపిచ్చింది ఆయనే. బాయిల, డ్యూటీ మీదనే, గుండె ఆగి పోయిండు. నేను ఈ గల్లీకి కోడలిగ వచ్చేనాటికే ఆయన లేడు. ఫొటోల చూసుడే.

ఆయన పోయిన ఏడాదికే ఆ మూలకు పేరు పడ్డది. చీకటి పడ్డంక బోరింగు పైపుల ఎవరో కొడ్తరు... లోపలికెల్లి... ఠంగ్, ఠంగ్, ఠంగ్ అని. సరిగ్గ మూడు దెబ్బలు.

విన్నోల్లు ఎవరంటే చెప్పేటోల్లు లేరు. విన్నోల్లను చూసినం అనేటోల్లే అందరు.

పేరు ఊకె ఉండది కద. మెల్లగ ఆ మూల మీదికెల్లి సారవ్వత్త ఇంటి మీదికి పాకింది. ఆ ఇంట్ల కిరాయికి ఎవరు దిగలే. పాలాయన ప్యాకెటు గల్లీ మొగదల్నే పెట్టిపోతడు. పొద్దుగూకినంక ఆమె గడప తొక్కిన మనిషి లేడు. పాపం, ఎవరన్న ఎదురైతే ఆమెనే నవ్వుతుండె — "నన్ను చూసి ఉరుకకున్రి బిడ్డా, నాకింక పానం ఉన్నది" అని.

మేము ప్రార్థన చేసుకునేటోల్లం. దెయ్యాలను నమ్మం. అయినా ఆరు దాటినంక ఆ దిక్కు బట్టలు ఆరేసేటిదాన్ని కాదు. దేవుని ముంగట అబద్ధం ఎందుకు.

ఇగ పంపు సంగతి.

మెయిన్ రోడ్డు మల్ల మల్ల ఏసుకుంట పోయేసరికి రోడ్డు పైకి లేచింది, మా గల్లీ కింద పడ్డది. వానొస్తే మోరి నీళ్లు రోడ్డు కాలువల కలవాల్సింది పోయి, ఉల్టా మా ఇండ్లల్లకు వస్తున్నయి. అందరికంటే పల్లంల సారవ్వత్త ఇల్లు. పోయిన ఏడాది వానలకు ఆమె బాత్రూంల మోకాలు లోతు మురికి నిలిచింది. మందమర్రిల ఉండే బిడ్డ యమున, "ఇల్లు ఎంతకో అంతకు ఇచ్చేసి నా తానకు రా అవ్వా" అని ఫోన్ల ఏడ్చుడు.

"మీ అయ్య కట్టిన గోడలు. వానకు భయపడి ఇడిసిపెట్టి వస్తనా?" అనేది సారవ్వత్త. అనేది గని, ఈ ఎండకాలం పెట్టె సదురుకున్నది. ఈ వానకాలం గుడ గట్లనే అయితే పోవుడే అని తేల్చుకున్నది.

అప్పుడు లేచిండు మా మామ సామ్యేల్.

మామ గుడ బాయిల పంపు పనే చేసి రిటైరయిండు. రాజం కాక, ఈయన ఒక్క షిఫ్టు, ఒక్క జోడి. గల్లీ వాళ్లను కూసోబెట్టి చెప్పిండు: "ఆ మూలకు సంపు తవ్వుదాం. మోరి నీళ్లన్ని దాంట్లకు దించుదాం. మురికి నీళ్లు తోడే మోటరు దాంట్ల ముంచి పెడితే, సంపు నిండినప్పుడల్లా దానంతట అదే నడిచి రోడ్డు కాలువలకు ఎక్కిస్తది. సారవ్వ ఎక్కడికి పోయే పని లేదు."

"ఆ మూలకా?" అన్నడు ఎదురింటి ముత్యం. "అన్నా, ఇంకేడ జాగ లేదా?"

"నీళ్లకు పల్లం ఎరుక గని దెయ్యం ఎరుకనార?" అన్నడు మామ.

అందరు నవ్విన్రు. మామ మాత్రం ఆ మూల దిక్కు చూడకుండ తలకాయ వంచుకున్నడు.

సంపు తవ్విన్రు, సిమెంటు రింగులు దించిన్రు. మోటరు తెచ్చి బిగించేటందుకు షాపు పిల్లగాడు వేణుమాధవ్ వచ్చిండు. హుషారు మనిషి, నోరు ఊకె ఉండది. సంపుల కెల్లి రోడ్డు కాలువ దాక ఇనుప పైపు ఏయాలె. దగ్గరి తొవ్వ అంటే సారవ్వత్త పెరడుల నుంచి, ఆమె బాత్రూం మూలకెల్లి, గోడ పొడుగునా.

అడగటానికి మామ పోలే. "నువ్వు పో సువార్తా" అని నన్ను పంపిండు. ఆ ఇంటికి మామ ఎప్పుడు పోడు. ఎందుకని నేను ఒక్కనాడు అడగలే.

"పోనియ్యి బిడ్డా," అన్నది సారవ్వత్త. "మా ఆయన పైపులల్ల బతికిన మనిషి. ఆయన ఇంట్లకెల్లి పైపు పోతే ఎవరికి నొప్పి?"

ఆ గురువారం పొద్దంత పని. మబ్బు కమ్ముకొస్తున్నదని వేణుమాధవ్ ఉరుకులాడుకుంట పైపులు బిగించిండు. కళ్లకు ఆపరేషనై మామకు దగ్గరిది సరిగ కనబడది. అయినా కుర్చీల కూసుండి నోటితోనే పని చేయించిండు.

"గొలుసు గట్టిగ కట్టినవా? మోటరును వైరు పట్టి దించకు, గొలుసు పట్టి దించు."

"కట్టిన తాతా."

"చెక్ వాల్వు పెట్టినవా?"

"పెట్టిన తాతా. ఎన్నిసార్లు అడుగుతవ్?"

వాల్వంటే పైపుల ఉండే రేకు తలుపసొంటిది. పైకి పోయే నీళ్లకు తెరుచుకుంటది. మోటరు ఆగంగనే మూసుకుని, పైపుల నీళ్లను మల్ల సంపులకు రానియ్యది. మామ చెప్తే తెలుసుకున్న.

సాయంత్రం మోటరు మొదలువెట్టుడు. గల్లీ అంత వచ్చి నిలబడ్డది. సారవ్వత్త గుడ కొంగు నెత్తి మీదికి కప్పుకుని వచ్చింది. మొదలే మురికి నీళ్లతో నడిపించొద్దని సంపుల మంచి నీళ్లు నింపిన్రు. మామ కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసిండు. ముత్యం కొబ్బరికాయ కొట్టిండు.

"ఇద్దరు దేవుళ్లు చూస్తున్నరు," అన్నడు వేణుమాధవ్. "ఇగ ఈ మోటరు కాలిపోతే నా తప్పు కాదు."

మోటరును గొలుసుకు ఏలాడదీసి, మీట ఒక్కసారి నొక్కి ఇడిసిండు. మోటరు గిర్రున ఒక దిక్కుకు గుంజుకున్నది.

"ఉల్టా తిరుగుతున్నది," అన్నడు మామ. "రెండు వైర్లు అటుదిటు మార్చు."

మార్చి, నీళ్లల్లకు దించి, మల్ల నొక్కిండు. మోటరు మూలుగుతున్నది గని పైపు కొసకు చుక్క లేదు.

"గాలి పట్టింది. గొలుసు రెండు సార్లు పైకి కిందికి ఊపు."

ఊపిండు. బుడగ బుడగ అని సంపు నవ్వింది. పైపు దడదడమన్నది... రోడ్డు కాలువల ధార పడ్డది. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. సారవ్వత్త ఆ ధారనే చూసుకుంట, "ఇగ పెట్టె ఇప్పుకోవచ్చు" అన్నది మెల్లగ.

సంపుల నీళ్లు కిందికి పోయినయి. మోటరు దానంతట అదే ఆగింది.

పైపుల నీళ్లు గలగల వెనక్కి జారిన చప్పుడు. ఆ తరువాత నిమ్మళం. ఆ తరువాత —

ఠంగ్.

ఠంగ్.

ఠంగ్.

చప్పట్లు ఆగిపోయినయి. సారవ్వత్త నా పక్కనే నిలబడ్డది. ఆమె చెయ్యి నా చేతిని పట్టుకున్నది — చల్లగ.

"వాల్వు తాతా," అన్నడు వేణుమాధవ్. "మోటరు ఆగంగనే వాల్వు టపటప మూసుకుంటది. కొత్తది కద, జర గట్టిగ కొట్టుకున్నది. దీనికే గిట్ల భయపడితే ఎట్ల?"

"వాల్వే," అన్నడు ముత్యం, అందరికంటే ముందు.

"వాల్వే, వాల్వే..." అందరు అన్నరు. నవ్వు మల్ల వచ్చింది. దెయ్యం తెలిసిపోయిందని ఒకరు, రాజం కాకకు పెన్షన్ ఇయ్యాలె అని ఒకరు.

మామ నవ్వలే. వాల్వని గుడ అనలే. కుర్చీల కెల్లి లేచి, ఎవరి దిక్కు చూడకుండ ఇంట్లకు వచ్చిండు.

చినుకులు మొదలైనయి. అందరు ఎవరి ఇంట్లకు వాళ్లు ఉరికిన్రు. జరసేపటికి కరెంటు పోయింది.

ఇగ ఎనిమిదింబావు గంట.

మా ఆయన టోనీ సెకండ్ షిఫ్టుల ఉన్నడు. ఇంట్ల నేను, మామ. మామ అన్నం ముట్టలే. ముంగటి వరండాల, చీకట్ల, వాన దిక్కు మొకం పెట్టి కూసున్నడు. నేను మైనపుబత్తి ముట్టించి, కీర్తన చదువుకుందామని బైబిల్ తెరిచిన.

ఠంగ్... ఠంగ్... ఠంగ్.

వానల, దూరంగ, ఇనుము మీద ఇనుము.

బత్తి వెలుగుల అక్షరాలు కదిలిపోయినయి.

జరసేపు ఆగి... మల్ల. ఠంగ్. ఠంగ్. ఠంగ్.

ఎదురింట్ల కిటికీ రెక్క ధన్‌మని మూసుకున్నది. దాని వెనుక ఇంకోటి. గల్లీ పొడుగునా, ఒక్కొక్క ఇల్లు, కండ్లు మూసుకున్నట్టు.

"సామ్యేలన్నా!" చీకట్ల కెల్లి ముత్యం గొంతు. "ఏం ఫికర్ లేదే. గా వాల్వే. పోయి పండుకో."

మామ తలకాయ వంచి, చెవి వాన దిక్కు పెట్టిండు.

"వాల్వే కద మామా?" అన్న నేను.

"కరెంటు లేదు బిడ్డా," అన్నడు మామ.

నాకు అర్థం కాలే.

"కరెంటు లేకుంటే మోటరు నడువది. నడువని మోటరు ఆగది. ఆగకుంటే..." ఊపిరి తీసుకున్నడు. "...వాల్వు ఎట్ల కొట్టుకుంటది?"

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

మామ లేచిండు. గోడకు తగిలేసిన టార్చి తీసుకున్నడు. వేణుమాధవ్ మర్చిపోయిన పెద్ద పానా వరండాల బల్ల మీద ఉండె. అది గుడ తీసుకున్నడు.

"మామా, వద్దు... టోనీ రానియ్యిన్రి..."

"ఒక్కసారి కూసున్న సువార్తా," అన్నడు. "మల్ల కూసోను."

ఏం మాటనో అది. నాకు తెల్వదు. వాన ఆయనను మింగేసింది. నేను గేటు కాడ నిలబడి, "మరణపు నీడల లోయలో" అనే కీర్తన మాట అనుకుంట, ముందుకు అడుగేయలేక, వెనక్కి పోలేక... అట్లనే నిలబడ్డ.

ఇక్కడికెల్లి మామ తరువాత చెప్పింది.

సంపు పొంగి పొర్లుతున్నది. మోటరు ఆగి ఉన్నది, వాన ఆగలే — ఇగ ఏమైతది. మురికి నీళ్లు మోకాళ్ల దాక వచ్చినయి. టార్చి వెలుతురుల బోరింగు మొండెం తలకాయ లేని మనిషి లెక్క నిలబడ్డది. మామ దాని దిక్కు చూడకుండ, కొత్త పైపు మీద చెయ్యి పెట్టిండు.

ఆ చేతి కిందనే కొట్టింది. ఠంగ్... ఠంగ్... ఠంగ్.

పైపు సల్లగ వణికింది.

బాయిల వాళ్లకొక పద్ధతి ఉండెనంట. పై పంపు కాడ ఒకరు, కింద చీకట్ల ఇంకొక పంపు కాడ ఒకరు. కేకేస్తే వినబడది. అందుకే పైపు మీద కొట్టుడు. మూడు దెబ్బలంటే — మనిషికి ఆపతి, రా. విన్నోడు ఒక్క దెబ్బ కొట్టి జవాబియ్యాలె. ఒక్కటి అంటే — విన్న, వస్తున్న. జవాబు వచ్చేదాక కిందోడు కొడుతనే ఉంటడు.

పానా ఎత్తిండు. చెయ్యి లేవలే. ఎన్నేండ్ల బరువో ఆ చేతిల. మల్ల ఎత్తిండు.

కొట్టిండు. ఒక్కటి.

వాన తప్ప ఏ సప్పుడు లేదు. ఒక్క క్షణం... రెండు...

అప్పుడు పైపు అవతలికెల్లి — ఠంగ్ ఠంగ్ ఠంగ్ ఠంగ్ ఠంగ్ — లెక్క లేదు, ఆగుడు లేదు, పిచ్చి పట్టినట్టు. మామ అంటడు: "అప్పుడు సమజయింది బిడ్డా. దెయ్యమైతే లెక్క తప్పది. భయపడ్డ మనిషే లెక్క తప్పుతడు."

పైపు పట్టుకుని, గోడ పట్టుకుని ఉరికిండు. పైపు పోయింది సారవ్వత్త బాత్రూం మూలకు.

రేకు తలుపు తన్నిండు.

సారవ్వత్త కింద పడి ఉన్నది. చుట్టూ మురికి నీళ్లు, నడుముదాక. ఒక కాలు ఒంకర తిరిగింది. చేతిల ఇత్తడి చెంబు, సొట్టలు పడి. గోడ మూలకున్న పైపును ఇంకా కొడుతనే ఉన్నది.

"చెల్లె! చెల్లె, నేను... సామ్యేల్ను..."

అయినా ఆమె చెయ్యి ఆగలే. చెంబు గుంజుకుంటే గని ఆగలే.

మామ కేక వినే నేను ఉరికిన. ఇద్దరం కలిసి ఆమెను ఇంట్లకు ఎత్తుకొచ్చి మంచం మీద పండబెట్టినం. తుంటి కాడ ముట్టనిస్తలేదు. నూట ఎనిమిదికి ఫోన్ చేసిన, వానకు ఆలస్యమైతదన్నరు. పొడి చీర మార్చిన. గోడ మీద రాజం కాక ఫొటో, దాని కింద ఆరిపోయిన దీపం. గల్లీల ఒక్క తలుపు తెరుచుకోలే.

"ఎప్పుడు పడ్డవ్ చెల్లె?" అన్నడు మామ. గడపకు అవతలనే నిలబడి.

"కరెంటు పోయినంక చానసేపటికి. నీళ్లు ఉబికి వచ్చినయని చూడబోయిన... జారిన." ఆమెకు పండ్లు కొట్టుకుంటున్నయి. "అరిసిన. వానల ఎవరికి వినబడది. అప్పుడు పైపు చేతికి తగిలింది."

"మూడు దెబ్బలని నీకెవరు చెప్పిన్రు?"

"నీ దోస్తే." నొప్పిల గుడ మొకంల చిన్న నవ్వు మెరిసింది. "ఇంటికొచ్చినా బాయి బుద్ధి పోకపోయేది. మంచం కోడు మీద మూడు కొట్టేటోడు, చాయ్ కావాలంటే. నేను వంటింట్ల గిన్నె మీద ఒక్కటి కొట్టాలె. కొట్టకపోతే మల్ల మల్ల కొడుతనే ఉంటుండె. గిదేం లొల్లి అని తిడుతుంటి."

జరసేపు కళ్లు మూసుకున్నది.

"కిటికీలు మూసుకునుడు నేను విన్న సామ్యేలన్నా. అందరు విన్నరు. దెయ్యం ఉన్న ఇల్లు కద... ఎవరొస్తరు."

మామ గడప పట్టుకున్నడు. వెనక్కి పోతడు అనుకున్న. పోలే. లోపటికి వచ్చి, మంచం పక్కన నేల మీద కూలబడ్డడు. ఆ ఇంట్ల మామ కూసునుడు నేను చూసింది అదే మొదలు.

"ఆ పేరు పెట్టింది నేను," అన్నడు.

ఆమె కళ్లు తెరిచింది.

"బోరింగుల ఎవరో కొడుతున్నరని గల్లీల మొట్టమొదలు చెప్పింది నేనే. రాజం పోయినంక నాకు రోజు వినబడేది చెల్లె. ఎక్కడ పైపు చూసినా వినబడేది. ఒక్కల్లకు చెప్పిన, బరువు దిగుతదని. అది గిట్ల నీ ఇంటి మీద పడ్డది. పడుతుంటే చూసిన. అది నా చెవుల ఉన్న సప్పుడే, బోరింగుల ఏం లేదు అని చెప్పాలంటే... ఎందుకు వినబడుతున్నదో గుడ చెప్పాలె. అందుకని ఊకున్న."

వాన రేకుల మీద దంచుతున్నది.

"రాజం గుడ కొట్టిండు," అన్నడు మామ.

నేల దిక్కు చూసుకుంట చెప్పిండు.

"ఆ రోజు పై పంపు కాడ నేనున్న. వాల్వు అరిగి షిఫ్టు మొదలైనకాడికెల్లి కొట్టుకుంటనే ఉన్నది. మూడు దెబ్బలు వచ్చినయి. లేవబోయిన... వాల్వే కద అనుకున్న. మల్ల వచ్చినయి. వాల్వే అనుకున్న. కూసున్న. షిఫ్టు దిగేటప్పుడు పోయి చూస్తే... రాజం చల్లబడి ఉన్నడు, చేతిల పానా అట్లనే ఉన్నది. ఎవరన్న అడిగితే, ఏం వినలే అన్న."

నేను గోడకు ఆనుకున్న.

"నువ్వు జవాబియ్యలేదా?" అన్నది సారవ్వత్త. చాలా మెల్లగ.

"ఇయ్యలే."

"మల్ల కొట్టిండు కద."

"కొట్టిండు."

"జవాబియ్యకుంటే ఊకునే మనిషి కాదు ఆయన," అన్నది. అది మామతో అన్నట్టు లేదు. "జవాబు వచ్చేదాక కొడుతనే ఉంటడు..."

మామ రెండు చేతులతో మొకం కప్పుకున్నడు. ఆమె ఏదన్న అంటదని నేను ఆశపడ్డ. పోనీ అన్నా, అయిపోయిందేదో అయిపోయింది అని. చర్చిల ఎన్నిసార్లు విన్నం, క్షమించుమని. ఆమె మొకం గోడ దిక్కుకు తిప్పుకున్నది.

నూట ఎనిమిది వచ్చినంక, ఆ లైట్లు చూసి తలుపులు తెరుచుకున్నయి. ముత్యం గొడుగు పట్టుకుని ఉరికొచ్చిండు. "అయ్యో అత్తా! మేము వాల్వనుకున్నం..."

మామ ముత్యం దిక్కు చూసిండు. తిట్టలే. అద్దంల మొకం చూసుకున్నట్టు చూసిండు.

బండి ఎక్కించేటప్పుడు సారవ్వత్త నా చెయ్యి పట్టుకుని, చిన్న గుడ్డల చుట్టిన ఇంటి తాళంచెవి నా గుప్పిట్ల పెట్టింది. చెవిల చెప్పింది:

"మీ మామకు ఇయ్యకు. నువ్వే ఉంచుకో."

మామ అక్కడనే, వానల, ఒక్క అడుగు దూరంల ఉన్నడు. విన్నడు.

నేను ఆమెతో దవాఖానకు పోయిన. తుంటి బొక్క విరిగింది, ఆపరేషన్ చెయ్యాలె, పానానికి భయం లేదన్నడు డాక్టరు. తెల్లారకముందే యమున మందమర్రి కెల్లి వచ్చింది. అవ్వ మంచం కోడు మీద వేలుతోటి మెల్లగ కొట్టుకుంట పండుకున్నదని, ఎందుకని నన్ను అడిగింది. నేనేం చెప్పాలె.

పొద్దున టోనీ నన్ను బండి మీద ఇంటికి తీసుకొచ్చిండు.

వాన ఎలిసింది. కరెంటు వచ్చింది. సారవ్వత్త ఇంటి తలుపు నేనే తీసిన. నేను, టోనీ బాత్రూం కడిగినం. ముత్యం పెండ్లాము ఫినాయిల్ పట్టుకుని గడప కాడికి వచ్చి, జరసేపు నిలబడి, లోపటికి వచ్చింది. ఆమె వెనుక ఇంకొకామె. ఎవరు ఎవరి మొకం చూసుకోలే. రాజం కాక ఫొటో కింద దీపం ముత్యం పెండ్లామే పెట్టింది. అగ్గిపెట్టె నేను అందిచ్చిన.

మామ లోపటికి రాలే. ఇంటి వెనుక, పైపు కాడ, రాత్రి కెల్లి అక్కడనే ఉన్నట్టు నిలబడ్డడు.

అప్పుడు వచ్చిండు వేణుమాధవ్. రాత్రి సంగతి ఎవరో చెప్పినట్టున్నరు, మొకంల నెత్తురు చుక్క లేదు. సీదా మా వరండాలకు పోయి, బల్ల కిందికెల్లి ఒక అట్టడబ్బ తీసుకుని వచ్చిండు. సీలు గుడ తీయలే.

"తాతా... తప్పయింది. మొన్న ఇంకో తాన ఇట్లాంటిదే బిగించిన. ఇక్కడ గుడ బిగించిన అనుకున్న. రాత్రి సామాను లెక్క చూస్తే యాదికొచ్చింది. చెక్ వాల్వు పెట్టలే. డబ్బల్నే ఉన్నది."

నేను చేతిల చీపురు ఇడిసిపెట్టిన.

నిన్న సాయంత్రం. కరెంటు ఉన్నప్పుడు. సారవ్వత్త నా పక్కన, నా చెయ్యి పట్టుకుని నిలబడ్డప్పుడు...

"మరి సాయంత్రం కొట్టిన ఆ మూడు?" అన్నడు టోనీ. నేను ముందే చెప్పిన ఆయనకు.

వేణుమాధవ్ చేతిల డబ్బను అటుదిటు తిప్పుకుంట నిలబడ్డడు.

"మోటరు ఆగినప్పుడు నీళ్లు గలగల వెనక్కి జారినయి," అన్నడు మామ. "వాల్వుంటే జారుతయా? పైపుల కాడ ముసలోన్నయిన నాకు ఎరుక కాదా? విన్న. అయినా, వాల్వని ఈ పిల్లగాడు అనంగనే... నమ్మాలనే అనిపిచ్చింది."

సంపుల మిగిలిన నీళ్లు కదలకుండ ఉన్నయి. బోరింగు మొండెం మీద ఒక కాకి వాలి, ఎగిరిపోయింది.

వేణుమాధవ్ డబ్బ చించి వాల్వు బయటికి తీసిండు. పైపు విప్పబోతుంటే మామ చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఆగు బిడ్డా. ఇది విప్పకముందే."

పానా తీసుకున్నడు. పైపు ముంగట నిలబడి, టోపీ తీసి సంకల పెట్టుకున్నడు — చర్చిల నిలబడ్డట్టు. ఈసారి చెయ్యి ఒక్కసారికే లేచింది.

కొట్టిండు. ఒక్కటి.

ఆ సప్పుడు పైపు పొడుగునా పోయింది. సారవ్వత్త పెరడుల నుంచి, గోడ పొడుగునా, కిందికి ఎక్కడికో.

మామ పైపు మీద అరచెయ్యి పెట్టి, కండ్లు మూసుకుని, చాలాసేపు అట్లనే ఉన్నడు. ఏమన్న వినబడ్డదో లేదో మేము అడగలే. ఆయన చెప్పలే.

ఆ తరువాత చెయ్యి తీసి, పక్కకు జరిగిండు.

"ఇగ పెట్టు వాల్వు," అన్నడు.